జీపీఏ దాటిన సంతకం

“వాళ్ళ దేశం, వాళ్ళిష్టం.” ఎవరిదో వీసా రద్దయిందని తెలిసిన ప్రతిసారీ మన ఇళ్ళలో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, పెళ్ళి భోజనాల దగ్గర వినబడే మాట ఇది. ఫలానావాళ్ళబ్బాయి మెల్‌బోర్న్ నుంచి తిరిగొచ్చేస్తున్నాడంటే ముందు అయ్యో అంటారు. ఆ అబ్బాయి లాయరును పెట్టుకుని అక్కడి కోర్టుకెక్కాడని తెలిస్తే ఆ అయ్యో కాస్తా వెటకారంలోకి దిగుతుంది. రానిచ్చినవాడు పొమ్మన్నప్పుడు పోవాలి గానీ తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమేమిటి అంటారు. ఆస్ట్రేలియాలో ఇదే మాటను కోటూ టై వేసి చెబుతారు. వీసా హక్కు కాదు, వెసులుబాటు. ప్రజలు ఎన్నుకున్న మంత్రి దాన్ని రద్దు చేస్తే, ఎవరూ ఎన్నుకోని జడ్జి ఏదో సాంకేతిక లోపం పట్టుకుని తిరగదోడతాడా అని.

వినడానికి ఇంపైన వాదనే. విప్పి చూస్తే లోపల డొల్ల. దీన్ని నమ్మేవాళ్ళలో మా దగ్గరి బంధువులు కూడా ఉన్నారు కాబట్టి కాస్త నిదానంగానే విప్పుతాను.

అందరి నోటా నానే ఇంటి పోలికతోనే మొదలుపెడదాం. ఇల్లు ఆస్ట్రేలియా ప్రజలది, కాదనేవాళ్ళెవరూ లేరు. ఎవరిని రానివ్వాలి, ఎవరిని పంపెయ్యాలి అన్నది తేల్చే అధికారం వాళ్ళ పార్లమెంటుకుంది. ఆ అధికారంతో చేసిందే 1958 నాటి మైగ్రేషన్ చట్టం. అయితే వీసా రద్దు కాగితం మీద సంతకం పెట్టేది పార్లమెంటు కాదు. మంత్రి, లేకపోతే మంత్రి తరఫున కుర్చీలో కూర్చున్న ఉద్యోగి. వాళ్ళిద్దరూ ఇంటి యజమానులు కారు. యజమాని రాసిచ్చిన కాగితం చేత పట్టుకుని వచ్చినవాళ్ళు.

ఇది బోధపడటానికి కాన్‌బెర్రా దాకా వెళ్ళక్కర్లేదు, మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చాలు. డాలస్‌లో ఉన్న అన్నయ్య ఊళ్ళో ఉన్న తమ్ముడికి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చాడు, ఫలానా సర్వే నంబరులోని రెండెకరాలు అమ్మిపెట్టమని. తమ్ముడు ఆ రెండెకరాలను నడుస్తున్న ధర కన్నా తక్కువకు తెగనమ్మాడనుకోండి. అన్నయ్య నెత్తీ నోరూ బాదుకుంటాడు, సంక్రాంతికి మాటలు బందవుతాయి, అయినా అమ్మకం అమ్మకమే. అదే తమ్ముడు పక్క సర్వే నంబరులోని మామిడితోటను కూడా కలిపి రాసిచ్చేశాడనుకోండి. అప్పుడు ధర బాగుందా లేదా అని ఎవరూ అడగరు. తోట విషయంలో ఆ సంతకానికి విలువే లేదు. స్టాంపు పడినా, వేలిముద్రలు పడినా, సాక్షులు ఇద్దరు కాక ఇరవైమంది ఉన్నా లేదు. తమ్ముడికి లేని అధికారాన్ని స్టాంపు తెచ్చిపెట్టదు.

ఆస్ట్రేలియా కోర్టులు జ్యూరిస్‌డిక్షనల్ ఎర్రర్ అనేది ఈ రెండో రకం తప్పునే. మనం అధికార పరిధి దోషం అనుకుందాం. పార్లమెంటు అడగమన్న ప్రశ్న వదిలేసి మంత్రి వేరే ప్రశ్న అడిగితే, చూసి తీరాలన్న విషయం చూడకపోతే, వినమన్న మనిషిని వినకపోతే, బుద్ధి ఉన్నవాడెవడూ ఆ కాగితాల మీద రాయలేని నిర్ణయం రాస్తే, అది మామిడితోట అమ్మకం. ఇవేవీ లేకుండా, పరిధిలోనే ఉండి, కఠినమైన నిర్ణయమో అన్యాయమనిపించే నిర్ణయమో తీసుకుంటే అది తక్కువ ధర అమ్మకం. దాన్ని కోర్టు ముట్టుకోదు. 1990లో క్విన్ కేసులో జస్టిస్ బ్రెనన్ ఈ గీతను ఎంత స్పష్టంగా గీశారంటే, అప్పటినుంచి ఆస్ట్రేలియా లాయర్లు దాన్ని చెరపాలని చూసి చేతులు కాల్చుకుంటూనే ఉన్నారు.

కాబట్టి ఎన్నికైన మంత్రి, ఎన్నిక కాని జడ్జి అనే పోలికే తప్పు. బోనులో ఒకవైపు మంత్రి నిలబడితే, రెండోవైపు ఉన్నది జడ్జి సొంత అభిప్రాయం కాదు, పార్లమెంటు రాసిన వాక్యం. ఎన్నికైన పార్లమెంటు మాట మంత్రి విన్నాడా లేదా అని చూడటం ప్రజాస్వామ్యానికి అవమానం ఎలా అవుతుందో ఈ వాదన చేసేవాళ్ళు ఇంతవరకు చెప్పలేదు.

పైగా ఈ పని జడ్జీలు తమకు తామే నెత్తికెత్తుకున్నది కాదు. ఆస్ట్రేలియా రాజ్యాంగం 75వ సెక్షన్‌లో అయిదో అంశం ఒకటుంది. కామన్వెల్త్ అధికారి ఎవరిమీదైనా మాండమస్ (చెయ్యమనే ఆదేశం), ప్రొహిబిషన్ (ఆపమనే ఆదేశం), ఇంజంక్షన్ కోరుతూ నేరుగా హైకోర్టుకు వెళ్ళవచ్చు అంటుంది. (అక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు. పేరు చూసి పొరబడకండి.) దాన్ని ముసాయిదాలో పెట్టింది టాస్మానియా న్యాయవాది ఆండ్రూ ఇంగ్లిస్ క్లార్క్. అమెరికాలో 1803 నాటి మార్బరీ కేసులో మాండమస్ ఇచ్చే అధికారం లేక అక్కడి సుప్రీంకోర్టు చేతులు ముడుచుకోవాల్సి వచ్చిన సంగతి ఆయనకు బాగా తెలుసు. 1898లో మెల్‌బోర్న్‌లో జరిగిన రాజ్యాంగ సమావేశంలో ఈ అంశం అనవసరమని కొట్టేశారు కూడా. క్లార్క్ పట్టుబట్టి ఎందుకు కావాలో రాసి పంపితే, సమావేశ నాయకుడు ఎడ్మండ్ బార్టన్ దాన్ని మళ్ళీ చేర్పించారు. మనకు ఆర్టికల్ 32 ఉంది, దాని వెనక ప్రాథమిక హక్కుల అధ్యాయం మొత్తం ఉంది. ఆస్ట్రేలియా రాజ్యాంగంలో అలాంటి హక్కుల పట్టికే లేదు. ప్రభుత్వం మీద పౌరుడికైనా పరదేశికైనా ఉన్న గట్టి పట్టు ఈ ఒక్క వాక్యం. అందులో పౌరుడు అన్న మాట లేదని గమనించండి. అధికారి అన్న మాట ఉంది. పట్టు అధికారి మెడ చుట్టూ ఉంది, ఎవరు ఫిర్యాదు చేశారన్నది దానికి అనవసరం.

దీన్ని తెంపడానికి ప్రయత్నం జరగకపోలేదు. 2001 ఆగస్టులో టాంపా అనే నార్వే ఓడ సముద్రంలో మునిగిపోబోతున్న 433 మందిని కాపాడి ఆస్ట్రేలియా వైపు తీసుకొస్తే ప్రధాని హోవర్డ్ ప్రభుత్వం వాళ్ళను దిగనివ్వలేదు. ఆ వేడిలోనే మైగ్రేషన్ చట్టానికి 474వ సెక్షన్ తగిలించింది. ఈ చట్టం కింద తీసుకున్న నిర్ణయాలు అంతిమం, ఏ కోర్టులోనూ సవాలు చెయ్యకూడదు, ఏ రిట్టూ చెల్లదు అని. తలుపుకు తాళం వేసి తాళంచెవి సముద్రంలో పారేసినట్టే. 2003 ఫిబ్రవరిలో ఎస్157 కేసులో హైకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేస్తుందని అందరూ అనుకున్నారు. కొట్టెయ్యలేదు. అంతకన్నా ముచ్చటైన పని చేసింది. చట్టం కింద తీసుకున్న నిర్ణయాలకు రక్షణ ఉంది, సరే. అధికార పరిధి దాటి తీసుకున్నది చట్టం కింద తీసుకున్న నిర్ణయమే కాదు కదా, దానికి ఈ రక్షణ ఎలా వర్తిస్తుంది అంది. తాళం అలాగే ఉంది, తలుపు మాత్రం తెరిచే ఉంది. న్యాయ తర్కంలో ఇంత చల్లగా వేసిన దెబ్బ నేను ఎక్కువగా చూడలేదు.

ఇక్కడిదాకా సూత్రం. అది మనిషి మీద ఎలా పనిచేస్తుందో చూడటానికి మనవాడి కేసే ఉంది. 2007 జూలైలో వార్తలు చూసినవాళ్ళకు డాక్టర్ మహమ్మద్ హనీఫ్ గుర్తుండే ఉంటారు. బెంగళూరు మనిషి, గోల్డ్ కోస్ట్ ఆసుపత్రిలో డాక్టరు. ఆయన దగ్గర ఉన్నది తాత్కాలిక ఉద్యోగ వీసా. జూన్ 30న గ్లాస్గో విమానాశ్రయంలోకి మండుతున్న జీపుతో దూసుకెళ్ళిన కఫీల్ అహ్మద్, అతని తమ్ముడు సబీల్ ఈయనకు దూరపు కజిన్లు. ఇంగ్లండు వదిలి వస్తూ హనీఫ్ తన సిమ్ కార్డును సబీల్‌కు ఇచ్చి వచ్చారు. అప్పుడే పుట్టిన బిడ్డను చూడటానికి ఇండియా బయల్దేరి, జూలై 2న బ్రిస్బేన్ విమానాశ్రయంలో అరెస్టయ్యారు. పన్నెండు రోజులు ఏ ఆరోపణా లేకుండా ఉంచి, తర్వాత ఉగ్రవాద సంస్థకు సిమ్ కార్డు రూపంలో సాయం చేశారని కేసు పెట్టారు. ఆ సిమ్ మండిన జీపులో దొరికిందని కోర్టుకు చెప్పారు. అది దొరికింది జీపులో కాదు, లివర్‌పూల్‌లో, సబీల్ దగ్గర.

జూలై 16న మెజిస్ట్రేటు బెయిలిచ్చారు. అదే రోజు, కొన్ని గంటల్లో, ఇమ్మిగ్రేషన్ మంత్రి కెవిన్ ఆండ్రూస్ ఆయన వీసా రద్దు చేశారు. వీసా లేని విదేశీయుణ్ణి నిర్బంధంలో ఉంచాలని చట్టం. అంటే జైలు తలుపు కోర్టు తెరిస్తే, ఇమ్మిగ్రేషన్ తలుపు మంత్రి మూశారు. కారణం: క్యారెక్టర్ టెస్ట్. నేరంలో ఉన్నారని అనుమానమున్న వాళ్ళతో హనీఫ్‌కు “సంబంధం” ఉంది, కాబట్టి శీల పరీక్షలో తప్పారు అని.

జూలై 27న నేరారోపణను ప్రాసిక్యూషన్ ఉపసంహరించుకుంది. వీసా రద్దు మాత్రం అలాగే ఉండిపోయింది. ఫెడరల్ కోర్టులో జస్టిస్ స్పెండర్ ముందు తేలాల్సిన అసలు విషయం, చట్టంలోని “సంబంధం” అన్న మాటకు అర్థం. మంత్రి లెక్కలో చుట్టరికం చాలు, పలకరింపు చాలు. అలాగైతే నేరస్థుల తరఫున వాదించిన తానూ ఈ పరీక్ష గట్టెక్కనని విచారణలో జడ్జిగారే చురక వేశారు. నిజమే కదా. ఆ కొలబద్దతో కొలిస్తే దొంగకు కట్టు కట్టిన నర్సు, తాగుబోతు తమ్ముడికి అన్నం పెట్టిన అక్క, జైల్లో పాఠాలు చెప్పే పంతులు, అందరూ శీలం చెడ్డవాళ్ళే. పార్లమెంటు రాసింది క్యారెక్టర్ టెస్ట్, వంశవృక్షం కాదు. మనిషి శీలం మీద ఏదో ఒక మచ్చ వేసే సంబంధమై ఉండాలి అని ఆగస్టు 21న స్పెండర్ మంత్రి నిర్ణయాన్ని కొట్టేశారు. మంత్రి అప్పీలుకు వెళితే, డిసెంబరు 21న ముగ్గురు జడ్జిల ఫుల్ కోర్టు కూడా అదే మాట చెప్పింది.

హనీఫ్ మంచివాడా కాడా అన్నది కోర్టు తేల్చలేదు. ఇది ముఖ్యం. ఉగ్రవాదికి కోర్టు వీసా ఇచ్చిందని ఆ రోజుల్లో గొంతు చించుకున్నవాళ్ళు తీర్పు చదవనేలేదు. కోర్టు చూసింది మంత్రి సరైన ప్రశ్న అడిగారా అని. అడగలేదు. మనిషి మంచిచెడ్డలు తేల్చే పని మరుసటి ఏడాది ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్ చేసింది, ఆయన మీద సాక్ష్యమేమీ లేదని చెప్పింది. 2010లో ప్రభుత్వం నష్టపరిహారం చెల్లించింది. ఆ “సాంకేతిక లోపం” లేకపోతే వీటిలో ఏదీ ఆ వీసా రద్దును కదిలించేది కాదు.

దీనికి ఎదురుగా ఇంకో కేసు పెడతాను, కోర్టులు ఎప్పుడూ విదేశీయుడి కొమ్ము కాస్తాయనేవాళ్ళ కోసం. నొవాక్ జొకోవిచ్. డబ్బుకు కొదవ లేదు, లాయర్లకు కొదవ లేదు, ప్రపంచమంతా చూస్తోంది. 2022 జనవరి 5 రాత్రి టీకా లేకుండా, మినహాయింపు కాగితాలతో మెల్‌బోర్న్‌లో దిగాడు. రాత్రంతా ప్రశ్నలు. జవాబివ్వడానికి, లాయరుతో మాట్లాడుకోవడానికి ఉదయం ఎనిమిదిన్నర దాకా సమయముందని చెప్పారు. ఎనిమిది కాకముందే, 7:42కు వీసా రద్దు చేసేశారు. జనవరి 10న జడ్జి ఆంటొనీ కెల్లీ దాన్ని కొట్టేశారు. ఆ తీరు సరికాదని ప్రభుత్వ లాయర్లే ఒప్పుకున్నారు. మాట ఇచ్చి గడియారం తిప్పెయ్యడాన్ని సమర్థించడం వాళ్ళవల్ల కూడా కాలేదు.

నాలుగు రోజుల తర్వాత మంత్రి అలెక్స్ హాక్ తన సొంత అధికారంతో మళ్ళీ రద్దు చేశారు. ఈసారి పద్ధతిగా, కారణాలు రాసి. మినహాయింపు సరైనదేననుకున్నా సరే, ఇతను ఇక్కడ ఉండటం టీకాలంటే గిట్టనివాళ్ళకు ఊపునిస్తుంది, ప్రజారోగ్యానికి మంచిది కాదు అన్నారు. నాకు ఆ కారణం పేలవంగా తోచింది, ఇప్పటికీ తోస్తుంది. ఫుల్ కోర్టు ముగ్గురు జడ్జిలు 16న, ఆదివారం నాడు కూర్చుని, ఏకగ్రీవంగా జొకోవిచ్ పిటిషన్ కొట్టేశారు. నిర్ణయం మంచిదా, తెలివైనదా అన్నది తమ పని కాదు, చట్టబద్ధమా కాదా అన్నదే తమ పని అని స్పష్టంగా రాశారు. టెన్నిస్‌లో ప్రపంచ నంబర్ వన్ ఆటగాడు ఆ సాయంత్రమే విమానమెక్కాడు. విదేశీయుల కొమ్ము కాసే కోర్టు ఇలాగే ఉంటుందా?

అదే మనిషి, అదే వీసా, ఆరు రోజుల తేడా. ఒకసారి ప్రభుత్వం ఓడింది, ఒకసారి గెలిచింది. మధ్యలో మారిందల్లా పద్ధతి. పద్ధతి అంటే సాకు అనుకునేవాళ్ళకు ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ నేను ఇవ్వలేను.

ఈ వాదనలో కాస్తో కూస్తో బలమున్న పాయ ఒకటుంది, దాన్ని దాటేయడం నిజాయితీ కాదు. “సరే, కోర్టు కొట్టేసింది. మంత్రి మళ్ళీ అదే నిర్ణయం తీసుకుంటాడు. ఫలితం మారనప్పుడు ఈ తతంగమంతా దేనికి?” నిజమే, చాలాసార్లు కోర్టులో గెలిచినవాడికి దక్కేది వీసా కాదు, ఇంకో విచారణ. రెండో విచారణలో ఓడిపోయేవాళ్ళూ ఉంటారు. కానీ ఫలితం మారదని ముందే ఎవరికి తెలుసు? 2017లో ఫుల్ కోర్టుకు వచ్చిన ఇద్దరు మనుషుల కేసు చూడండి. వాళ్ళ ఫైళ్ళలో వందల పేజీలున్నాయి. మంత్రి చేతికి అవి రావడానికీ, రెండు రద్దుల మీదా సంతకాలు పడటానికీ మధ్య ఉన్నది అత్యధికంగా 43 నిమిషాలు. ఇద్దరికీ కలిపి. ఆ 43 నిమిషాల్లో మంత్రి బుర్ర పెట్టి ఆలోచించి ఉండరని కోర్టు తేల్చింది. చదవని ఫైలు మీద ఫలితం మారదని చెప్పడం పరీక్ష పేపరు దిద్దకుండా ఫెయిల్ చేసిన మాస్టారు, దిద్దినా ఫెయిలే అయ్యేవాడు అన్నట్టుంటుంది.

విచారం ఏమిటంటే ఈ “ఎలాగూ అంతే” ధోరణి హైకోర్టులోకే ప్రవేశించింది. 2018 నుంచి వరసగా వచ్చిన హొస్సేన్, ఎస్‌జెడ్‌ఎమ్‌టీఏ, ఎమ్‌జెడ్‌ఏపీసీ తీర్పుల్లో కోర్టు ఒక అదనపు మెట్టు కట్టింది. అధికారి తప్పు చేశాడని చూపిస్తే చాలదు, ఆ తప్పు లేకపోతే ఫలితం వేరుగా ఉండే అవకాశం ఉందని పిటిషనరే చూపాలి. ఆ మెట్టు ఎక్కే బరువు దెబ్బ తిన్నవాడి నెత్తినే. నాథన్సన్ కేసులో, వీసా నిర్ణయాలను తిరిగి చూసే ట్రిబ్యునల్ ఒక మనిషిని గృహహింస సంఘటనల గురించి సరిగా చెప్పుకోనివ్వలేదు. తీరా కోర్టుకొస్తే, చెప్పుకోనిస్తే ఏం చెప్పేవాడివో చూపించు అంది ఫుల్ కోర్టు మెజారిటీ. నోరు నొక్కినవాడు నిర్దోషి, నోరు తెరవలేకపోయినవాడు రుజువు చెయ్యాలా? 2022లో హైకోర్టు దీన్ని సరిదిద్ది, ఇంగితం ఉన్న ఊహ చాలు, వివరంగా నిరూపించక్కర్లేదంది. 2024లో ఎల్‌పీడీటీ కేసులో ఆ మెట్టు ఎత్తేమీ కాదని మళ్ళీ చెప్పింది. బాగానే ఉంది. నా మటుకు ఆ మెట్టే ఉండకూడదు. జీపీఏ దాటి తోట అమ్మినవాణ్ణి, అన్నయ్య అయినా ఆ తోట అమ్మేసి ఉండేవాడేమో అని వదిలేస్తామా?

కోర్టులు మరీ విచ్చలవిడిగా ఉన్నాయన్నది అభియోగం గదా. చట్టం ఆ దారిని ఎంత ఇరుకు చేసిందో చూస్తే ఆ అభియోగం నిలవదు. శీలం కారణంగా అధికారి వీసా రద్దు చేస్తే, ఆస్ట్రేలియాలో ఉన్నవాడు ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి గడువు 9 రోజులు. ట్రిబ్యునల్ 84 రోజుల్లో తేల్చకపోతే రద్దు ఖాయమైనట్టే లెక్క. 2014 చివర్లో వచ్చిన సవరణతో ఏడాది, అంతకు మించి శిక్ష పడి జైల్లో ఉన్నవాడి వీసాను రద్దు చేసి తీరాలి, తర్వాత వేడుకోవడానికి 28 రోజులు. కోర్టుకు 35 రోజులు. మంత్రి స్వయంగా రద్దు చేస్తే ట్రిబ్యునల్ దారే లేదు. కొన్ని అధికారాల విషయంలో ముందు నోటీసిచ్చి వినాలన్న సహజ న్యాయసూత్రం కూడా వర్తించదని చట్టమే రాసుకుంది. జొకోవిచ్ మీద వాడింది అలాంటిదే. ఒకప్పుడు కోర్టు గడువు దాటితే ఏ కారణం చెప్పినా ఇక అంతే అని కూడా రాశారు. 2007లో హైకోర్టు ఒప్పుకోలేదు, రాజ్యాంగమిచ్చిన దారిని క్యాలెండరుతో మూసెయ్యడం కుదరదంది. ఇన్ని ముళ్ళకంచెలు దాటి కోర్టు మెట్లెక్కినవాడిని చూసి “ఎంత సులువు” అనేవాళ్ళు ఒక్కసారి ఆ కాగితాలు నింపి చూడాలి.

తిన్నింటి వాసాల మాటకు కూడా జవాబు చెప్పాలి, లేకపోతే మా బాబాయి ఒప్పుకోడు. మన పిల్లలు అక్కడ ఉత్తినే తినడం లేదు. విద్యార్థి వీసా దరఖాస్తు రుసుమే 2025 జూలై నుంచి 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, తిరస్కరిస్తే తిరిగి రాదు. ఫీజుల కోసం ఊళ్ళో తాకట్టు పడిన పొలాల సంగతి నేను చెప్పక్కర్లేదు. అయినా డబ్బు కట్టినందువల్లే హక్కు వస్తుందనడం లేదు. వితంతు పింఛను కూడా ప్రభుత్వం ఇచ్చేదే, రేషన్ కార్డు కూడా ఇచ్చేదే. మండలాఫీసులో గుమాస్తా చెప్పాపెట్టకుండా మీ అమ్మ పింఛను కోసేస్తే, ఇచ్చినవాడే తీసుకున్నాడులే అని ఊరుకుంటారా? ఊరుకోరు, కలెక్టరుకు అర్జీ పెడతారు, పేపరుకెక్కిస్తారు. ఇచ్చేది దయ అయినా తీసుకునేటప్పుడు పద్ధతి ఉండాలని మనకు తెలుసు. అమ్మ మన ఊళ్ళో ఉంటే తెలుస్తుంది, అబ్బాయి బ్రిస్బేన్‌లో ఉంటే మరిచిపోతాం.

నిజానికి అదీ పూర్తిగా మరిచిపోం. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో విదేశీ విద్యార్థుల హోదాను నమోదు చేసే సెవిస్ రికార్డులను వేలల్లో, చెప్పాపెట్టకుండా మూసేశారు. పాత ట్రాఫిక్ కేసులున్నవాళ్ళు, కేసు కొట్టేసినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో ఫెడరల్ జడ్జిలు ఆపమన్నారు, 25వ తేదీన ప్రభుత్వ లాయర్లే రికార్డులు తిరిగి తెరుస్తున్నామని కోర్టుకు చెప్పారు. ఆ మూడు వారాలు ఎన్ని తెలుగు ఇళ్ళలో దీపం పెట్టి ఏ జడ్జి ఏమన్నాడా అని ఎదురుచూశారో నాకు తెలుసు. “వాళ్ళ దేశం, వాళ్ళిష్టం” అన్న మాట ఆ నెలలో ఎక్కడా వినబడలేదు. అలాగే 2020 మార్చిలో, జాదవ్‌పూర్ యూనివర్సిటీలో చదువుకుంటున్న పోలండ్ విద్యార్థి ఒక నిరసన సభలో కనిపించాడని మన ప్రభుత్వం దేశం విడిచిపొమ్మంటే, కలకత్తా హైకోర్టు ఆ నోటీసును కొట్టేసింది. అప్పుడు ఆ కుర్రాణ్ణి తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడన్న మనవాళ్ళే, అయిదేళ్ళ తర్వాత అమెరికా జడ్జిలకు దండం పెట్టారు. నేను ఎవరినీ దెప్పడం లేదు. సూత్రం అనేది చుట్టరికాన్ని బట్టి మారితే దాన్ని సూత్రమనరు, అంతే.

ఇక విదేశీయులే కోర్టుల్ని కేసులతో ముంచెత్తుతున్నారు, అనవసరంగా సాగదీస్తున్నారు అనే ఫిర్యాదు. దీనికి వాదనెందుకు, ఒక ఫ్యాక్స్ కథ చాలు. ఆస్ట్రేలియాలో ఈ శాస్త్రానికి మూలస్తంభమనదగ్గ భరద్వాజ్ తీర్పు అందులోంచే పుట్టింది.

1998. ఒక విద్యార్థి వీసా రద్దయింది. అతను అప్పటి ఇమ్మిగ్రేషన్ రివ్యూ ట్రిబ్యునల్‌కు వెళ్ళాడు. సెప్టెంబరులో విచారణ తేదీ పడింది. ముందురోజు సాయంత్రం అతని తరఫున ఫ్యాక్స్ వెళ్ళింది, ఒంట్లో బాగాలేదు, ఇంకో తేదీ ఇవ్వండి అని. ఆ కాగితం ఆఫీసులో ఎక్కడో ఉండిపోయింది, నిర్ణయం తీసుకునే సభ్యుడి బల్ల మీదికి రాలేదు. పిలిచినా రాలేదని రద్దు సరైనదేనని ఖాయం చేసేశారు. తర్వాత ఫ్యాక్స్ సంగతి బయటపడితే ట్రిబ్యునల్ పెద్దమనిషి తరహాలో ప్రవర్తించింది. తప్పు ఒప్పుకుని, కొత్త తేదీ ఇచ్చి, విద్యార్థిని విని, అక్టోబరులో వీసా రద్దును ఎత్తేసింది.

కథ అక్కడ ముగిసిపోవాలి. కోర్టుకెక్కింది విద్యార్థి కాదు, మంత్రి. ట్రిబ్యునల్ మొదటి నిర్ణయమే అంతిమం, ఫ్యాక్స్ చూడకపోయినా సరే, దాన్ని మార్చే హక్కు ట్రిబ్యునల్‌కు లేదని వాదిస్తూ హైకోర్టు దాకా వెళ్ళి, 2002లో ఓడారు. వినకుండా చేసిన మొదటి నిర్ణయం అసలు నిర్ణయమే కాదు, కాబట్టి ట్రిబ్యునల్ పని ఇంకా మిగిలే ఉంది అంది మెజారిటీ. హైకోర్టు జడ్జిలు, పెద్ద పెద్ద సీనియర్ లాయర్లు, మూడేళ్ళకు పైగా కాలం, అంతా సర్కారు ఖర్చుతోనే. ఆ విద్యార్థి అడిగింది ఒక వాయిదా.